ఎనిమిది జట్లు మారిన మనిషి: రాజే డేవిస్ గురించి మాట్లాడుకుందాం

కొలంబస్ శ్రీధర్
అందరికీ నమస్కారం. ఇక్కడ బేస్‌బాల్ మాట ఎత్తితే చాలు ఓటానీ, జడ్జ్, లేదంటే సోటో కాంట్రాక్టు. వాళ్ళ ఆట నాకూ ఇష్టమే. కానీ చాలా రోజులుగా ఒక మనిషి గురించి రాయాలని ఉంది. రాజే డేవిస్. ఔట్‌ఫీల్డర్. 2006 నుంచి 2019 దాకా 14 సీజన్లు, ఎనిమిది జట్లు: పిట్స్‌బర్గ్, శాన్ ఫ్రాన్సిస్కో, ఓక్లాండ్, టొరంటో, డెట్రాయిట్, క్లీవ్‌లాండ్, మళ్ళీ ఓక్లాండ్, బోస్టన్, మళ్ళీ క్లీవ్‌లాండ్, చివరికి న్యూయార్క్ మెట్స్. 415 స్టీల్స్, అంటే పిచ్చర్ బంతి విసిరేలోపు పరిగెత్తి తర్వాతి బేస్ దొంగిలించడం. ఒక్కసారి కూడా ఆల్‌స్టార్ కాలేదు.

ఈయనే ఎందుకంటే, నేను ఈ దేశం వచ్చి పదకొండేళ్ళు. కాంట్రాక్టు ఉద్యోగం. ఇప్పటికి ఆరు ఊళ్ళు మారాను, ఇంకో రెండు వారాల్లో ఏడోది. ప్రాజెక్టు అయిపోతే బెంచ్, బెంచ్ మీద ఉంటే టెన్షన్, ఫోన్ రాగానే ఇల్లు సర్దుడు. పిల్లవాడు స్కూల్లో స్నేహితుల పేర్లు నేర్చుకునేలోపు ఊరు మారిపోతుంది. డేవిస్ కెరీర్ చదువుతుంటే ఇవన్నీ గుర్తొచ్చాయి. ఆయన ఆట చూసినవాళ్ళు, ఆ ఊళ్ళలో ఉన్నవాళ్ళు మీకు గుర్తున్నది రాయండి. నాకు వినాలని ఉంది.

నల్లగొండ నరేష్
అన్నా, నేను హైదరాబాద్ నుంచి. బేస్‌బాల్ ఈ మధ్యే చూడటం మొదలుపెట్టాను, క్రికెట్ మనిషిని. స్టీల్ అంటే ఏంటో తెలుసు కానీ 415 అంటే ఎక్కువా తక్కువా తెలియదు. ఇంకోటి, ఇన్ని జట్లు మారాడంటే ఆట సరిగ్గా రాక పంపేశారా?

లెక్కల మాస్టారు
నరేష్, ఎక్కువే. చరిత్రలో మొదటి వందమంది దొంగల్లో చోటు దొరికే సంఖ్య అనుకోండి. ఆయన ఆడిన కాలంలో జట్లు స్టీల్స్‌ని బాగా తగ్గించేశాయి, కాబట్టి ఇంకాస్త విలువ వేసుకోవాలి.

కానీ శ్రీధర్ గారూ, ఒక మాట సూటిగా చెప్తాను, ఏమీ అనుకోవద్దు. కెరీర్ బ్యాటింగ్ యావరేజ్ .262, అంటే వెయ్యిసార్లు బ్యాటు పడితే 262 హిట్లు. 14 సీజన్లలో 62 హోమ్ రన్లు. వాక్‌లు (నాలుగు చెడ్డ బంతులు పడితే ఊరికే వచ్చే మొదటి బేస్) తక్కువ, అంటే బేస్ మీదకు చేరడమే తక్కువ. చేరనివాడు ఎంత వేగంగా పరిగెత్తితే ఏం లాభం? ఔట్‌ఫీల్డ్‌లో కూడా వేగం ఉంది కానీ బంతి వెంట పోయే దారి ఒక్కోసారి వంకరగా ఉండేది. జట్లు ఆయన్ని వదిలేయడానికి కారణం ఉంది, మళ్ళీ తీసుకోవడానికీ కారణం ఉంది. రెండూ రాయాలి.

కొలంబస్ శ్రీధర్
మాస్టారూ, ఏమీ అనుకోను, రాయండి. ఆయన గొప్ప బ్యాటర్ అని నేను అనడం లేదు. గొప్ప బ్యాటర్ కాకుండానే 14 ఏళ్ళు ఎలా నిలబడ్డాడు అన్నదే నాకు కావలసింది.

మొదలు చూడండి. కనెక్టికట్‌లో నార్విచ్ అనే ఊరివాడు. పెద్ద కాలేజీ జట్టు కాదు, కనెక్టికట్ యూనివర్సిటీ ఏవరీ పాయింట్ క్యాంపస్ అని సముద్రం పక్కన చిన్న క్యాంపస్, అక్కడ ఆడాడు. 2001 డ్రాఫ్ట్‌లో, అంటే జట్లు వరసగా కొత్త కుర్రాళ్ళని ఎంచుకునే చోట, పిట్స్‌బర్గ్ 38వ రౌండ్‌లో తీసుకుంది. ఒక్కో రౌండ్‌కి ముప్ఫైమంది. అంటే ఆయన కంటే ముందు పేరు పిలిచినవాళ్ళు వెయ్యిమందికి పైనే. ఇప్పుడు డ్రాఫ్ట్ 20 రౌండ్లే. ఇవాళ్టి లెక్కన అయితే ఆయన పేరు ఎవరూ పిలిచేవారే కాదు.

ఆ తర్వాత ఐదేళ్ళు మైనర్స్, అంటే కింది స్థాయి లీగులు. లించ్‌బర్గ్, ఆల్టూనా, ఇండియానాపొలిస్. ఒక్కో మెట్టు ఎక్కుతూ, ప్రతిచోటా బేసులు దొంగిలిస్తూ. మేజర్ లీగ్‌లో మొదటి ఆట 2006 ఆగస్టులో, అప్పటికి వయసు 25.

ఫ్రీమాంట్ సుబ్బు
2007 సంగతి నేను చెప్తాను, నేను బే ఏరియాలోనే ఉన్నా. జులై 31, జట్లు ఆటగాళ్ళని మార్చుకునే ట్రేడ్‌లకు ఆఖరి రోజు. శాన్ ఫ్రాన్సిస్కో జయంట్స్ దగ్గర మ్యాట్ మారిస్ అనే సీనియర్ పిచ్చర్ ఉన్నాడు, జీతం భారీ, ఫామ్ పోతోంది. పిట్స్‌బర్గ్ వాళ్ళు ఆ జీతం మొత్తం నెత్తిన పెట్టుకుని మారిస్‌ని తీసుకున్నారు, బదులుగా డేవిస్‌ని, ఇంకో కుర్రాడిని ఇచ్చేశారు. ఆ ట్రేడ్‌ని పిట్స్‌బర్గ్ జనం ఇప్పటికీ తిట్టుకుంటారు. చేసిన జనరల్ మేనేజర్ ఉద్యోగం సెప్టెంబర్‌లోనే పోయింది.

తర్వాత జరిగింది చూడండి. 2008 ఏప్రిల్‌లో మారిస్‌ని పిట్స్‌బర్గ్ వదిలేసింది, ఆయన ఆటే మానేశాడు. అదే నెలలో జయంట్స్ డేవిస్‌ని వేవర్స్‌లో పెట్టేశారు. అంటే ట్రేడ్‌లో ఇటు పోయినవాడూ అటు పోయినవాడూ తొమ్మిది నెలల్లో ఇద్దరూ వీధిన పడ్డట్టే. ఒకరి దారి అక్కడితో ఆగిపోయింది. ఇంకొకరిని మా ఓక్లాండ్ ఏ'స్ చెయ్యి చాచి తీసుకుంది. శాన్ ఫ్రాన్సిస్కో నుంచి ఓక్లాండ్ అంటే బే దాటితే చాలు, బార్ట్ రైలు టికెట్టు. ఆ టికెట్టు డబ్బుకి మాకు 2009లో .305 కొట్టి 41 బేసులు దొంగిలించినవాడు దొరికాడు. 2010లో 50.

ఆ రోజుల్లో కొలీజియం సగం కూడా నిండేది కాదు. మూడో డెక్ మీద టార్పాలిన్ కప్పేసేవాళ్ళు. డప్పులు కొట్టేవాళ్ళు ఔట్‌ఫీల్డ్ వెనక ఉండేవాళ్ళు, డేవిస్ మొదటి బేస్ మీదకు రాగానే ఆ డప్పు వేగం మారేది. మా జట్టే ఓక్లాండ్ వదిలి వెళ్ళిపోయింది 2024 తర్వాత. ఇక దాని గురించి రాస్తే ఈ థ్రెడ్ దారి తప్పుతుంది, వదిలేస్తున్నా.

నల్లగొండ నరేష్
వేవర్స్ అంటే ఏంటన్నా?

ఫ్రీమాంట్ సుబ్బు
జట్టు నీ పేరు జాబితాలోంచి తీసేయాలనుకుంటే ముందు మిగతా జట్లందరికీ చెప్పాలి, మీకెవరికైనా కావాలా అని. వరసలో ముందున్న జట్టు అవునంటే నువ్వు వాళ్ళవాడివి, నిన్ను ఎవరూ అడగరు. ఎవరూ వద్దంటే మైనర్స్‌కి, లేదా ఇంటికి. ఆ రెండు మూడు రోజులు ఆటగాడు ఫోన్ పక్కన కూర్చోవాలి.

కొలంబస్ శ్రీధర్
నాకు ఈ ఫోన్ పక్కన కూర్చోవడం బాగా తెలుసు. 2020లో పదకొండు వారాలు కూర్చున్నాను. మాకు వీసా లెక్క కూడా ఉంటుంది, ఉద్యోగం పోయి అరవై రోజులు దాటితే సర్దుకోవాల్సిందే కదా, నాకు కంపెనీ బెంచ్ మీద ఉంచింది కాబట్టి బతికాను. రాత్రి రెండింటికి లేచి మెయిల్ చూసేవాడిని. ఇంట్లో వాళ్ళకి తెలియకూడదని ఫోన్ వెలుతురు దుప్పటి కింద పెట్టుకుని.

గోదారి గాలి
శ్రీధర్ గారూ, అది చదివి ఒక్క క్షణం ఆగిపోయాను. మా ఇంట్లో కూడా ఆ దుప్పటి కింద వెలుతురు ఉండేది, మావారిది. నాకు తెలుసు, తెలియనట్టు పడుకునేదాన్ని.

నేను నోవైలో ఉంటాను, డెట్రాయిట్ దగ్గర. టైగర్స్ డేవిస్‌కి 2014, 2015 రెండేళ్ళకి కోటి డాలర్లు ఇచ్చింది. అప్పటిదాకా టొరంటోలో మూడేళ్ళు ఉన్నాడు, 34, 46, 45 స్టీల్స్. 2014 జూన్ 30 ఆట మేం టీవీలో చూశాం. ఏ'స్ 4-1తో ముందుంది, తొమ్మిదో ఇన్నింగ్స్, వాళ్ళ క్లోజర్, అంటే ఆట ముగించడానికి వచ్చే పిచ్చర్, షాన్ డూలిటిల్. బేసులు నిండాయి. డేవిస్ వచ్చాడు. మా మామగారు అప్పుడే ఇండియా నుంచి వచ్చారు, ఆయనకి బేస్‌బాల్ అంటే ఏమీ తెలియదు, "ఇప్పుడు ఈయన నాలుగు కొట్టాలా" అని అడిగారు. అవును మామయ్యా, నాలుగే కావాలి అన్నాను నవ్వుతూ. ఆ మాట పూర్తయ్యేలోపు బంతి లెఫ్ట్ ఫీల్డ్ గోడ దాటిపోయింది. గ్రాండ్ స్లామ్, 5-4. మామగారు మూడు నెలలు ఉన్నారు, వెళ్ళేదాకా ప్రతి సాయంత్రం "మన నాలుగు కొట్టేవాడు ఆడుతున్నాడా" అని అడిగేవారు. ఇప్పుడు ఆయన లేరు. టైగర్స్ ఆట పెడితే నాకు ఆ మాటే వినిపిస్తుంది.

లెక్కల మాస్టారు
గోదారి గాలి గారూ, మంచి జ్ఞాపకం. ఆ డూలిటిల్ పేరు అందరూ గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తాడు.

పద్మ అక్రాన్
ఇంతమంది రాశారు, ఎవరూ ఇంకా 2016 వరల్డ్ సిరీస్ ఫైనల్లో ఏడో గేమ్ దగ్గరికి రాలేదు. నేనే రాస్తాను, ఎందుకంటే ఆ రాత్రి నాకు నిన్నటిలా ఉంది.

2016 నవంబర్ 2. మాది అక్రాన్, క్లీవ్‌లాండ్‌కి నలభై నిమిషాలు. బాబుకి అప్పుడు అయిదు నెలలు, రాత్రి నిద్రపోయేవాడు కాదు, ఒళ్ళో వేసుకుని టీవీ సౌండ్ పూర్తిగా తీసేసి చూస్తున్నాను. క్లీవ్‌లాండ్‌కి 1948 తర్వాత వరల్డ్ సిరీస్ లేదు. ఎదుటి జట్టు షికాగో కబ్స్‌కి 1908 తర్వాత లేదు. మేం 3-1తో ముందున్న సిరీస్ 3-3కి వచ్చేసింది, ఇక తాడోపేడో ఈ ఒక్క ఆట.

ఎనిమిదో ఇన్నింగ్స్, మేం 6-3తో వెనక. రెండు ఔట్లు. రమీరెజ్ బేస్ మీద. కబ్స్ వాళ్ళు చాప్‌మన్‌ని తెచ్చారు, వంద మైళ్ళ పైన విసిరేవాడు. మావారు లేచి గిన్నెలు కడగడానికి వెళ్ళారు, ఇక చూడలేను అని. గయ్యర్ డబుల్ కొట్టాడు, 6-4. తర్వాత డేవిస్.

ఇక్కడ ఆయన చేతులు చూడాలి. మామూలుగా బ్యాటు కింద గుబ్బ దగ్గర పట్టుకుంటారు కదా. ఆయన ఎంత పైకి పట్టుకున్నాడంటే, గరిటెని కాడ మధ్యలో పట్టుకుని కూర కలుపుతున్నట్టు ఉంది. కింద బ్యాటు కాడ బోలెడు మిగిలిపోయి కనిపిస్తోంది. హోమ్ రన్ కొట్టాలనుకునేవాడు అలా పట్టుకోడు. బంతిని తాకితే చాలు అనుకునేవాడు పట్టుకుంటాడు. ఒక బంతి ఫౌల్. ఇంకోటి ఫౌల్. ప్రతిసారీ కాస్త ఆలస్యం తగ్గుతోంది, అది నాకు సౌండ్ లేకుండా కూడా తెలుస్తోంది. రెండు బాల్స్, రెండు స్ట్రైకులు. చాప్‌మన్ 97 మైళ్ళతో కిందకి, లోపలికి విసిరాడు. డేవిస్ తవ్వి తీసినట్టు కొట్టాడు. బంతి లెఫ్ట్ ఫీల్డ్ ఫౌల్ పోల్ వైపు తక్కువ ఎత్తులో వెళ్ళింది, నేను ఫౌలే అనుకున్నాను. గోడ మీద నుంచి లోపల పడింది. 6-6.

నేను అరవలేదు, బాబు నిద్రలో ఉన్నాడు. నోటికి అడ్డంగా వాడి దుప్పటి పెట్టుకుని ఏడ్చాను. వంటింట్లోంచి మావారు చేతులకి సబ్బుతో పరిగెత్తుకొచ్చారు, పక్కింటివాళ్ళ అరుపులు విని. టీవీలో మా అక్రాన్ అబ్బాయి, బాస్కెట్‌బాల్ ఆటగాడు లెబ్రాన్ జేమ్స్ గంతులేస్తూ కనిపించాడు.

తర్వాతది మీకు తెలుసు. తొమ్మిది ఇన్నింగ్స్ అయ్యాక వాన, 17 నిమిషాలు ఆగింది. పదో ఇన్నింగ్స్‌లో కబ్స్ రెండు కొట్టింది. చాలామంది మర్చిపోయే విషయం ఒకటుంది. పదో ఇన్నింగ్స్‌లో రెండు ఔట్లు పడ్డాక కూడా మళ్ళీ డేవిసే సింగిల్ కొట్టి గయ్యర్‌ని ఇంటికి తెచ్చాడు, 8-7. ఆ తర్వాత మార్టినెజ్ కొట్టిన బంతి బ్రయంట్ చేతిలోకి పోయింది, ఆట అయిపోయింది. అర్ధరాత్రి దాటింది. మొదటి బేస్ దగ్గరున్న డేవిస్ ముఖం కెమెరా చూపించలేదు, అందరూ కబ్స్ వైపు తిప్పారు. నాకు మాత్రం ఆ మనిషినే చూడాలనిపించింది.

నల్లగొండ నరేష్
పద్మ గారూ, చదువుతుంటే ఒళ్ళు గగుర్పొడిచింది. ఇప్పుడే వీడియో వెతుకుతున్నా.

ఎడిసన్ రమణ
పద్మక్కా, ఇంత బాగా రాశాక నేనేం రాయను. కానీ మెట్స్ అభిమానిగా నా వంతు ఉంది.

2019 మే 22. డేవిస్‌కి 38 ఏళ్ళు. మెట్స్‌తో మైనర్ లీగ్ ఒప్పందం, సిరక్యూస్ జట్టులో ఆడుతున్నాడు, ఆ రోజు పెన్సిల్వేనియాలో ఆలెన్‌టౌన్‌లో ఆట. మెట్స్‌లో ఔట్‌ఫీల్డర్లకి వరసగా దెబ్బలు తగిలాయి, కబురొచ్చింది, వెంటనే న్యూయార్క్ రమ్మని. ఊబర్ బుక్ చేసుకున్నాడు. 243 డాలర్లు అయింది. ఆ దారి నాకు తెలుసు, ఎడిసన్‌కి ఉత్తరంగా వెళ్ళే 78, సాయంత్రం వేళ వెరజానో వంతెన వైపు తిరిగినా హాలండ్ టన్నెల్ వైపు తిరిగినా నరకమే. మెట్స్ మైదానం సిటీ ఫీల్డ్‌కి వచ్చేసరికి మూడో ఇన్నింగ్స్ నడుస్తోంది. అప్పుడు బట్టలు మార్చుకుని బెంచ్ మీద కూర్చున్నాడు. ఎనిమిదో ఇన్నింగ్స్‌లో పించ్ హిట్టర్‌గా, అంటే ఇంకొకరి బదులు బ్యాటింగ్‌కి, పంపారు. మూడు పరుగుల హోమ్ రన్. 6-1.

ఎవరి బౌలింగ్‌లో? వాషింగ్టన్ నేషనల్స్ తరఫున ఆడుతున్న షాన్ డూలిటిల్. మాస్టారు చెప్పారుగా.

ఆయన్ని ఎక్కించుకొచ్చిన డ్రైవర్‌కి వెనక సీట్లో ఉన్నది ఎవరో తెలియదట. మన పిల్లలు ఎంతమంది ఆ కార్లు నడుపుతున్నారు, చదువుకుంటూ రాత్రిళ్ళు. వాళ్ళలో ఎవరికైనా ఆ రైడ్ తగిలి ఉంటే అనుకున్నా చాలాసార్లు.

లెక్కల మాస్టారు
ఇప్పుడు నేను మొదట్లో చెప్పినదానికి ఇంకో సగం చెప్పాలి, ఎందుకంటే ఈ మూడు హోమ్ రన్లనీ అదృష్టం కింద జమ చేస్తే ఆ మనిషికి అన్యాయం.

డూలిటిల్ ఎడమచేతి వాటం. చాప్‌మన్ ఎడమచేతి వాటం. డేవిస్ కుడిచేతి బ్యాటర్. ఎడమచేతి పిచ్చర్ బంతి కుడిచేతి బ్యాటర్‌కి ఎక్కువసేపు కనబడుతుంది, బయటికి కాకుండా లోపలికి వస్తుంది. డేవిస్ కెరీర్ మొత్తం ఎడమచేతి వాళ్ళని బాగా ఆడాడు, కుడిచేతి వాళ్ళ ముందు తడబడ్డాడు. అందుకే ఏ జట్టూ ఆయనకి రోజూ చోటు ఇవ్వలేదు, అందుకే ఏ జట్టుకో ఒకదానికి ఎప్పుడూ అవసరమయ్యాడు. ఆట చివర్లో ఎడమచేతి క్లోజర్ వస్తే ఎవరిని పంపాలి? బేస్ మీద ఒక పరుగు కావాలంటే ఎవరిని పరిగెత్తించాలి? ఈ రెండు ప్రశ్నలకీ ఆయన పేరు జవాబు. జీతం ఇచ్చిందే ఆ పని కోసం. ఆ పని ఎదురైనప్పుడు చేశాడు.

స్టీల్ కూడా వట్టి కాళ్ళ పని కాదు నరేష్. బేసుల మధ్య 90 అడుగులు. పిచ్చర్ కదలడం మొదలుపెట్టి బంతి క్యాచర్‌కి చేరడానికి దాదాపు 1.3 సెకన్లు, క్యాచర్ రెండో బేస్‌కి విసరడానికి దాదాపు 2 సెకన్లు. మొత్తం కలిపి మూడు సెకన్ల చిల్లర. అందులో పావు సెకను పిచ్చర్ మోకాలు ఎప్పుడు లేస్తుందో, మడమ ఎటు తిరుగుతుందో కనిపెట్టడంలోనే వస్తుంది. 2016లో డేవిస్‌కి 35 దాటింది, కాళ్ళ వేగం ఇరవైల్లో ఉన్నట్టు ఉండదు కదా. అయినా 43 స్టీల్స్‌తో అమెరికన్ లీగ్ మొత్తానికి మొదటివాడు. దొరికిపోయింది ఆరుసార్లే. అంటే కాలు తగ్గిన కొద్దీ కన్ను పెరిగింది. నేను ముప్ఫై ఏళ్ళు లెక్కలు చెప్పాను, ఈ ఒక్క నిష్పత్తి చూస్తే ముచ్చటేస్తుంది.

ఫ్రీమాంట్ సుబ్బు
2023లో బేసులు పెద్దవి చేశారు, 15 అంగుళాల నుంచి 18కి. పిచ్చర్ మొదటి బేస్‌కి బంతి విసిరి బెదిరించడానికి కూడా హద్దు పెట్టారు. అంతకు ముందు ఏడాది లీగ్ మొత్తం మీద 2,486 స్టీల్స్ ఉంటే ఆ ఏడాది 3,503. డేవిస్ పదేళ్ళు ఆలస్యంగా పుట్టి ఉంటే ఎన్ని చేసేవాడో. ఆట మానేశాక ఆయన మేజర్ లీగ్ ఆఫీసులోనే మైదానం వ్యవహారాలు చూసే విభాగంలో చేరాడు, అది మాత్రం సరైన చోటు.

ట్రిపుల్ ఏ తాతారావు
కొత్తవాడిని, ఒక్క మాట. అందరూ కోటి డాలర్ల గురించి, హోమ్ రన్ల గురించి రాస్తున్నారు. డేవిస్ లాంటివాడు ఒక్కడు పైకి వస్తే కిందే ఉండిపోయేవాళ్ళు వందలమంది. నేను ఉండే ఊళ్ళో మైనర్ లీగ్ జట్టు ఉంది, ఆటగాళ్ళకి గది అద్దెకిచ్చిన కుటుంబాలు నాకు తెలుసు. ఒకప్పుడు సీజన్‌లో నెల జీతం మన గ్యాస్ స్టేషన్లో పనిచేసే కుర్రాడి జీతం కంటే తక్కువ. 2022లో మైనర్ లీగ్ ఆటగాళ్ళు యూనియన్‌లో చేరాక, 2023 ఒప్పందంలో ట్రిపుల్ ఏ (మేజర్ లీగ్‌కి ఒక్క మెట్టు కింద) కనీస జీతం ఏడాదికి 35,800 డాలర్లు చేశారు. అదే ఏడాది పైన మేజర్ లీగ్‌లో కనీసం 7,20,000. ఆ రెండింటి మధ్య దూరం ఒక ఊబర్ ప్రయాణం. 38 ఏళ్ళ మనిషి ఆ ట్రిపుల్ ఏ బస్సుల్లో మళ్ళీ కూర్చున్నాడు చూడండి, అప్పటికే చేతిలో డబ్బుంది, పేరుంది, ఏడో గేమ్ ఉంది. నాకు డేవిస్ అంటే గౌరవం అక్కడ.

గోదారి గాలి
నిజం తాతారావు గారూ. నేను అది ఆలోచించలేదు.

నల్లగొండ నరేష్
వీడియో చూశాను. నాలుగుసార్లు చూశాను. పద్మ గారు చెప్పినట్టు చేతులే చూశాను.

మొదట్లో నేను అడిగినది, ఆట రాక పంపేశారా అని, వెనక్కి తీసుకుంటున్నా. మా నాన్న తాపీ మేస్త్రి. మా చిన్నప్పుడు మిర్యాలగూడలో నాలుగు నెలలు, కోదాడలో రెండు నెలలు, సూర్యాపేటలో ఎవరిదో మేడ, ఇలా తిరిగేవాడు. తాపీ, మట్టం, తూకం గుండు, దారం, ఇవి తన సంచిలోనే ఉండేవి, పనిచోట ఎన్ని ఉన్నా వాటిని ముట్టేవాడు కాదు. తాపీ పిడి ఆయన చేతికి తగ్గట్టు అరిగి నున్నగా పల్లం పడింది, నేను పట్టుకుంటే నా వేళ్ళు ఆ పల్లంలో సరిగ్గా పడేవి కావు. ఊళ్ళో కొందరు "ఒక్కచోట నిలవని మనిషి" అనేవాళ్ళు. ఇల్లు కట్టాలంటే మళ్ళీ వాళ్ళే కబురు పంపేవాళ్ళు, గోడ వంకర రాకూడదంటే ఆయనే రావాలని. డేవిస్ బ్యాటు పట్టుకున్న తీరు చూస్తే నాకు ఆ పిడి గుర్తొచ్చింది.

క్రికెట్లో మన అంబటి రాయుడు కూడా హైదరాబాద్, ఆంధ్ర, బరోడా, విదర్భ అన్నీ తిరిగాడు. అప్పట్లో నేనూ అందరితో పాటు నిలకడ లేదు అన్నాను.

పద్మ అక్రాన్
నరేష్, మీ నాన్నగారికి నా నమస్కారాలు చెప్పండి.

ఎడిసన్ రమణ
ఇంకోటి రాయడం మర్చిపోయా. 2017 ఆగస్టులో ఓక్లాండ్ నుంచి బోస్టన్ ఆయన్ని తీసుకుంది. అప్పుడు బోస్టన్‌ని నడుపుతున్నది డేవ్ డాంబ్రోస్కీ, అంతకు ముందు డెట్రాయిట్‌లో డేవిస్‌ని తెచ్చింది కూడా ఆయనే. క్లీవ్‌లాండ్ కూడా రెండోసారి పిలిచింది, ఓక్లాండ్ కూడా రెండోసారి పిలిచింది. ఒకసారి పనిచేసిన చోటివాళ్ళు మళ్ళీ పిలుస్తున్నారంటే డ్రెస్సింగ్ రూమ్‌లో ఆ మనిషి ఎలా ఉండేవాడో అర్థం చేసుకోవచ్చు. శ్రీధర్ అన్నా, మిమ్మల్ని కూడా పాత క్లయింట్లు ఎవరైనా మళ్ళీ పిలిచారా?

కొలంబస్ శ్రీధర్
పిలిచారు రమణా. ఇప్పుడు వెళ్తున్న ఏడో ఊరు అదే. మూడేళ్ళ కింద పనిచేసిన మేనేజర్ వేరే కంపెనీకి మారి, నా నంబరు వెతుక్కుని ఫోన్ చేశాడు. నువ్వు అడిగేదాకా నేను దాన్ని ఇలా చూడలేదు, ఇంకోసారి ఇల్లు సర్దాలి అనే దిగులే ఉంది.

2016 జులైలో డేవిస్ టొరంటోలో సైకిల్ కొట్టాడు, ఒకే ఆటలో సింగిల్, డబుల్, ట్రిపుల్, హోమ్ రన్ నాలుగూ. ఆ ఆట కూడా క్లీవ్‌లాండ్ ఓడిపోయింది, పద్నాలుగు వరస విజయాలు ఆ రోజే ఆగాయి. ఆ ఏడాది ఆయన పెద్ద ఆటలు రెండూ ఓడిన ఆటలే. పద్మ గారు రాసిన ఏడో గేమ్ చదివాక నాకు అది మరీ తగిలింది. టొరంటోలో ఆ మర్నాడు పొద్దున్నే లేచి మళ్ళీ బ్యాటింగ్ ప్రాక్టీస్‌కి వెళ్ళి ఉంటాడు కదా.

మేం వెళ్ళేది ఐయోవా, డెమోయిన్. అక్కడ మనవాళ్ళు ఎవరైనా ఉన్నారా? మావాడికి ఎనిమిదేళ్ళు, గ్లవ్ ఒకటి కొనిపెట్టాను, ఊరు మారుతున్నామని అలిగి దాన్ని మంచం కింద తోసేశాడు.

ట్రిపుల్ ఏ తాతారావు
శ్రీధర్ గారూ, నేను ఉండేది డెమోయిన్‌లోనే. నేను చెప్పిన మైనర్ లీగ్ జట్టు ఐయోవా కబ్స్, ట్రిపుల్ ఏ. పార్కు రెండు నదులు కలిసే చోట ఉంటుంది, సెంటర్ ఫీల్డ్ వెనక క్యాపిటల్ బంగారు గోపురం కనిపిస్తుంది, సాయంత్రం ఎండ దాని మీద పడితే పిల్లలు బంతి వదిలేసి అటే చూస్తారు. రాగానే ఫోన్ చేయండి, నంబరు ప్రైవేట్ మెసేజ్‌లో పంపుతున్నా. మూడో బేస్ వైపు సీట్లు తీసుకుందాం, అక్కడినుంచి మొదటి బేస్ మీద రన్నర్ కాళ్ళు బాగా కనిపిస్తాయి. బాబు గ్లవ్ మాత్రం మంచం కింద మర్చిపోకుండా తీసుకురండి.

పద్మ అక్రాన్
పేరులో కబ్స్ ఉన్న జట్టు దగ్గరికి పంపడం నాకు కష్టంగానే ఉంది. అయినా వెళ్ళిరండి. ఎడమచేతి పిచ్చర్ వస్తే బెంచ్ మీద నుంచి ఎవరు లేస్తారో చూసి ఇక్కడ రాయండి.